నలభై ఒక్క ఇళ్లున్న ట్యాబ్

బస్సు దిగి నాలుగడుగులు వేశాక నర్సమ్మకి భుజం తేలిగ్గా అనిపించింది. సంచీ ఉంది, అందులో ఆఫీసువాళ్లిచ్చిన ట్యాబ్ లేదు. పొద్దుట్నుంచి కాళ్లరిగేలా తిరిగి రాసుకున్న నలభై ఒక్క ఇళ్ల పిల్లల టీకాల వివరాలు అందులోనే ఉన్నాయి. ఆఫీసుకి ఇంకా పంపలేదు.

ఎవరికీ చెప్పకుండా వెతుక్కుందామా అనిపించింది ఒక్క క్షణం. కానీ అవి ఊళ్లోవాళ్ల ఇంటి సంగతులు. వెంటనే ఆఫీసులో ఆ పరికరాలన్నీ చూసుకునే ఆయనకి ఫోన్ చేసింది. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు.

"మంచిపని చేశావమ్మా. ఇక్కణ్నుంచే ట్యాబ్‌కి తాళం వేసేశాను, ఇక ఎవరూ తెరవలేరు. అయిదింటిదాకా చూస్తా. దొరక్కపోతే అంతా చెరిపెయ్యాలి."

అప్పటికి నాలుగూ ఇరవై. నర్సమ్మ పరుగున వెళ్లి చెప్పగానే, పక్క వీధిలో బట్టలు కుట్టే అక్క మిషను మీద పని అలాగే వదిలేసి స్కూటర్ తీసింది. బాబాయ్ మ్యాపులో ట్యాబ్ ఉన్నచోటు చూపించే చుక్కని చూస్తూ ఫోన్లో దారి చెబుతుంటే అక్క ఆగమేఘాల మీద తోలింది. చుక్క బస్సు డిపోలో ఆగింది.

డిపోలో ఎనిమిది బస్సులు వరసగా నిలబడున్నాయి. ఏది? బాబాయ్ ట్యాబ్‌ని మోగించాడు. నాలుగో బస్సులోంచి సన్నగా వినబడింది. ఇద్దరూ పరుగు.

బస్సు ఊడ్చే ఆవిడ మెట్టు మీద కూర్చుని ట్యాబ్‌ని ఒళ్లో గట్టిగా పట్టుకునుంది. ఇందాక ఒకాయనెవరో అది తనదేనని వచ్చాడట, ఇవ్వలేదట.

"నీదైతే తెరిచి చూపించు" అంది.

నర్సమ్మ ఎలా తెరుస్తుంది? తాళం వేయించింది తనే! అయిదుకి ఎనిమిది నిమిషాలుంది. ఫోన్ ఆవిడకిచ్చింది. ట్యాబ్ వెనక అంటించిన నంబరు ఆవిడ ఒక్కో అంకే చదివింది. సరిపోయిందని బాబాయ్ తాళం తీశాడు. నర్సమ్మ తన పిన్ నంబరు కొట్టగానే తెర మీద తన ఫొటో వచ్చింది. ఆవిడ ఫొటోనీ మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఫొటోలో కాస్త బొద్దుగా ఉన్నావు" అంటూ అప్పజెప్పింది.

నర్సమ్మ ఆ మెట్టు మీదే కూలబడి నలభై ఒక్క ఇళ్లూ పంపేసింది. చివరిది చేరగానే అక్కనీ ఆవిడనీ ఒకేసారి వాటేసుకుంది.

ట్యాబ్ పోగొట్టుకున్నందుకు రిపోర్టు మాత్రం రాసివ్వాల్సిందేనన్నాడు బాబాయ్.

"రాస్తాను బాబాయ్. అందులో ముందు ట్యాబ్ కాపాడిన ఈవిడ పేరే రాస్తాను."