జారిపోతే తెచ్చుకునే ఫైలు

ఆదిత్యపూర్‌లో గేర్లు కోసే చిన్న కార్ఖానాలో ప్రసన్న లేతు మిషన్లకు ప్రోగ్రాములు రాస్తుంది. ఆ రోజు పాత కంప్యూటరు తీసేసి కొత్తది పెట్టారు. అమర్చడానికి వచ్చిన హరికిరణ్ ప్రోగ్రాములు రాసే ఎడిటర్ తెరిచాడు.

"దీదీ, కంట్రోల్ ఆర్ నొక్కండి. బస్, మొన్నమొన్న వాడిన ఫైళ్లన్నీ వచ్చేత్తాయి."

నొక్కింది. ఏమీ రాలేదు.

"ఖాళీగా ఉందేటి?"

"నయా హై నా దీదీ. మీరు తెరుత్తూ ఉంటే అదే నిండుతాది."

ప్రసన్నకు మనసు చివుక్కుమంది. పాతదానిలో ఆ వరుస ఎప్పుడూ నిండుగా ఉండేది. సగం రీనా తెరిచినవే. రీనాది ఉదయం షిఫ్టు, తనది మధ్యాహ్నం. ఇద్దరికీ ఒకటే కుర్చీ, ఒకటే కంప్యూటరు. గేటు దగ్గర ఎదురుపడి నవ్వుకునేంత వ్యవధే ఉండేది.

ఒకరోజు వరుసలో అన్నిటికంటే పైన కొత్త పేరు కనబడింది: "తిన్నావేటే". తెరిస్తే, "టేబులు కింద చేపల పులుసుంది. పక్క మిషన్ శ్యామ్‌కి చెప్పకు, గిన్నె నాకేత్తాడు" అని ఉంది.

ప్రసన్న దాని కిందే జవాబు రాసింది. ఇక రోజూ అదే. అత్తల మీద చాడీలు, రైల్వే క్వార్టర్లలో దసరా ముచ్చట్లు, రీనా కడుపుతో ఉన్నప్పటి వికారాలు అన్నీ అందులోకే. ఇంటికెళ్లేముందు ఒకసారి తెరిస్తే చాలు, ఆ ఫైలు పైకొచ్చి కూర్చునేది.

రైల్వేలో పనిచేసే రీనా భర్తకు ఖుర్దా రోడ్డు స్టేషనుకు బదిలీ అయింది. ఆమె వెళ్లాక ఫైలు కిందికి జారుతూ పోయేది. కనుమరుగయ్యేలోపు ప్రసన్న ఊరికే తెరిచి మూసేది. ఒక్క అక్షరమూ రాసేది కాదు.

"హరీ, పాతదాన్లో తిన్నావేటే అని ఒక ఫైలుంది. తెచ్చావా?"

"వో కిస్ మషీన్ కా హై, దీదీ?"

"ఏ మిషన్‌దీ కాదు బాబూ. మాటలు."

హరికిరణ్ పాతదాన్ని మళ్లీ వెలిగించి ఫైలు తెచ్చిపెట్టాడు. "పిన్ కర్ దూఁ? ఎప్పుడూ పైనే ఉంటాది, జారదు."

ప్రసన్న కాస్త ఆలోచించింది. "వద్దులే. జారితే నేనే తెచ్చుకుంతాను."

టీ వేళ రీనాకు ఫోను చేసి ఫైలు సంగతి చెప్పింది.

"ఇంకా ఉంచావేటే అది!" అటు నుంచి రీనా అరిచినంత పని చేసింది. "చదువు, చదువు!"

ప్రసన్న చదువుతుంటే రీనా పగలబడి నవ్వింది. బదిలీ కబురు రాసిన చోటికి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగింది.

"ఆ రోజు ఏడుత్తూ రాశానే."

"తెలుసు. అక్షరాలన్నీ తప్పులే."

"అలాగే చదువు," అంది రీనా. "తప్పులతోనే."