నిలిచిపోయిన వగరు

కుండకు చెవి ఆనించి నల్లసామి నాయకర్ కళ్లు మూసుకున్నాడు. లోపల కల్లు సన్నగా చిటపటలాడుతోంది. ముందు వినాలి. తర్వాత నురగ ఊది చూడాలి. తెల్లగా చీలి మళ్లీ కలుసుకుంటే సరుకు మంచిది. ఆపైన వాసన. నాలుక వంతు చిట్టచివర. గుక్క పుచ్చుకుని మింగకూడదు. నాలుక అడుగుకీ చెంపల లోపలికీ తిప్పి, ఉమ్మేసి, కాసేపు ఊరకుండాలి. కల్లు పోయాక నోట్లో ఏం మిగిలితే అదే దాని అసలు రుచి అనేవాడు.

అరవదేశంలో, కోవిల్‌పట్టి నుంచి కయత్తారు పోయే బాట పక్కన ఆ కల్లుకొట్టు. నల్లరేగడి చేను కరువులకు చేజారాక నాయకర్ అక్కడ రుచి చూసే పనికి కుదిరాడు. ఎండిన తుమ్మబెరడులాంటి మనిషి, ముందుపళ్లు లేవు. మిరపకాయ ముట్టడు, వక్కాకు వేయడు. నాలుకే ఎద్దు, నాలుకే నాగలి. ఆయన తలూపితేనే కుండ మిల్లు కూలీల ముందుకు పోయేది. ఖద్దరు టోపీలవాళ్లు వాకిట్లో నిలబడి తాగొద్దని దండాలు పెడుతుంటే, "మీ దండం కూడా పులిసిందబ్బా" అని నవ్వేవాడు.

ఆ ఉదయం కుర్ర గీతగాడు చిన్నతంబి తెచ్చిన కుండ దగ్గర ఆ నవ్వు ఆగింది. చప్పుడు బాగుంది, నురగ బాగుంది. ఉమ్మేశాక మిగిలిందే బాగోలేదు. వగరు, వానకు తడిసిన కాటిబూడిద వగరు. అది ఇదివరకొకసారి తగిలింది, పేచ్చిముత్తు అనే గీతగాడి కుండలో. ఆనాడు కల్లు పారబోయించాడే గాని వాడితో ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే పేచ్చిముత్తు తాడిచెట్టు మీంచి పడి చచ్చిపోయాడు.

"రే చిన్నతంబీ, ఈ పొద్దు చెట్టెక్కొద్దు."

"ఏం నాయకరే, చెట్టు వచ్చి మీ చెవిలో చెప్పిందా?" చిన్నతంబి అరవంలో పరిహాసమాడాడు. "ఒక పొద్దు గీయకపోతే గెల ఎండిపోతుంది. మీరెక్కి గీస్తారా, ఆ మోకాళ్లతో?"

నాయకర్ వాడి నడుముకున్న గీతకత్తి లాక్కుని తన మొలలో దోపుకున్నాడు. "తిట్టుకో. రేపిస్తా."

వాడు తిట్టుకుంటూ పోయాడు. కొట్టంతా నవ్వింది. నాయకర్ తర్వాతి కుండ అందుకున్నాడు. అందులోనూ అదే బూడిద. ఆ తర్వాతదానిలోనూ. ఎందరి కత్తులు లాక్కోవాలి? ఒంట్లో బాగోలేదని చెప్పి లేచి ఇంటిదారి పట్టాడు.

అరుగు మీద కూలబడగానే భార్య వీరమ్మాళ్ చెంబుతో నీళ్లిచ్చింది. పుక్కిలించి, ఉమ్మేసి, అలవాటుగా ఊరకున్నాడు. ఇందులోనూ ఆ బూడిదే.

"ఇవెక్కడి నీళ్లు?"

"రోజూ తెచ్చే బావివే. నీళ్లకి గూడా వంక పెడతారా?" ఆమె ఎత్తి ఒక గుక్క పోసుకుంది. "రవ్వంత ఉప్పగా ఉండాది. అంతే. సుమ్మా, ఊరికే తాగండి."

నాయకర్ ముఖం మెల్లగా విచ్చుకుంది. బూడిద కుండల్లో లేదు, తన నోట్లోనే ఉంది.

"అయితే పిల్లోడికి బయం లేదు," అన్నాడు.

"ఏ పిల్లోడికి?"

"చిన్నతంబికి. వాడి కత్తి వాడికిచ్చేయ్. నేను తప్పు చూసినానని చెప్పు."

జన్మలో ఎన్నడూ చెంబు కరుచుకు తాగనివాడు, ఆ వేళ అంచుకు పెదవులు ఆనించి నిదానంగా తాగాడు. వీరమ్మాళ్ లోపలి పనులు ముగించి, పొద్దుగూకాక దీపం వెలిగించి వచ్చేసరికి గోడకానుకుని ఉన్నాడు, కళ్లు మూసుకుని, దేన్నో వింటున్నట్టు. పిలిచింది. తట్టింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

దినాలు గడిచాయి. ఆ ఏడు ఎండలకు బావి కూడా అడుగంటింది. అరుగు మీద బోర్లించిన ఆ చెంబు అంచున, రెండు పెదవులంత మేర, తడి మాత్రం ఆరలేదు.