గంగక్క మిద్దె మీది మబ్బు

గుమ్మఘట్ట దాటినాక వచ్చే ఆ ఊళ్లో పొద్దున్నే అందరి మిద్దెల మీదా ఎండ పడుతుంది, గంగక్క మిద్దె మీద తప్ప. అక్కడ ఒక మబ్బు ఉంటుంది. ఆమె మొగుడు తిప్పయ్య శెనక్కాయ చేను ఎండిపోతుంటే ఆకాశంకేసి చూసి చూసి ప్రాణం విడిచాడు. ఆయన దినాలనాడు వచ్చింది ఆ మబ్బు. ఆలస్యమైందని సిగ్గుపడిందో ఏమో, కురవనూ లేదు, కదలనూ లేదు. ఊళ్లో ఎవరికీ దాంతో పేచీ లేదు. కొత్తవాళ్లకు దారి చెప్పేటప్పుడు మబ్బున్న ఇంటికి ఎడమపక్క అంటారు, అంతే.

పిల్లాజెల్లా లేని గంగక్క గిన్నెలు తోముతూ మబ్బుతోనే మాట్లాడుకునేది. మబ్బు ఎంతైనా మబ్బే, తిరిగి ఒక్క మాటా అనదు. ఆమె మనుషుల్లో పడేది ఎండాకాలంలోనే. తన మిద్దెకు ఎండ లేదు గనుక పిండి గిన్నె ఎత్తుకుని రామక్క మిద్దెకు పోయేది. నలుగురు ఆడవాళ్లతో కలిసి సండిగలు పోసి, ఆ వడియాలు ఎండేదాకా కాకుల్ని తోలుతూ కూర్చునేది. ఆ కబుర్ల కోసమే ఏడాదంతా కాచుకునేది.

ఈ ఏడు సోలార్ పలకలు పెట్టించే ఓబులేష్ ఊళ్లోకి వచ్చాడు. ఖర్చులో పెద్ద వాటా సర్కారే సబ్సిడీగా ఖాతాలో వేస్తుందని, కరెంటు బిల్లు ఇక మరిచిపోవచ్చని చెప్పాడు. ఊరంతా సరేనంది. గంగక్క కూడా ఆధార్ కార్డు పట్టుకుని వెళ్లింది. ఓబులేష్ ఆమె మిద్దె ఎక్కి, తలెత్తి చూసి, ఇంత నీడలో పలకలు పెట్టలేమని, పెట్టనిదానికి సబ్సిడీ రాదని చెప్పి దిగిపోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటే ఇదే. మబ్బును తరిమెయ్యమన్నారు అందరూ. ఉన్న ఒక్క తోడును ఎలా తరుముతుంది?

ఎండలు ముదిరాయి. గంగక్క పిండి ఉడికించుకుని రామక్క మిద్దె ఎక్కింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పలకలే, పంచె పరిచే చోటు లేదు. అన్ని మిద్దెలూ అంతేనని, ఈసారి అంగట్లో ప్యాకెట్లు కొనుక్కుంటామని రామక్క మొహమాటపడుతూ చెప్పింది. గంగక్క చల్లారిన పిండితో వెనక్కి వచ్చింది. తిప్పయ్య పోయిననాడు కూడా ఆమెకు అంత ఏడుపు రాలేదు.

మిద్దె ఎక్కి మబ్బు కింద నిలబడింది.

"నిన్ను పొమ్మనేకి నాకు నోరు రాదు. అయితే నాకు మాట్లాడే మనుషులు కావల్ల. రోంత పక్కకు జరుగు" అంది.

తెల్లారేసరికి మబ్బు పిట్టగోడ వారకు జరిగింది. మిద్దె మీద ఎండ పరుచుకుంది. గంగక్క తిప్పయ్య పాత పంచె పరిచి సండిగలు పోసింది. వీధిలో పోతున్న రామక్క తలెత్తి చూసి ఇంటికి పోయి, మరునాడు తన పిండి గిన్నెతో ఎక్కి వచ్చింది. వెనకే తిరుపాలమ్మ, ఆ వెనక మల్లీశ్వరి. మిద్దె తెల్లగా నిండిపోయింది. కాకుల్ని తోలే ఆడవాళ్ల మీద మబ్బు నీడ చల్లగా పడింది.

సంగతి తెలిసి ఓబులేష్ పరుగున వచ్చాడు. ఎండ బాగుందని, ఇప్పుడైతే సబ్సిడీ వస్తుందని, ఈ ఏడు దాటితే తన చేతుల్లో లేదని చెప్పాడు.

గంగక్క మిద్దె నలుమూలలా చూసింది.

"ఈడ జాగా యాడుండాదప్పా?" అంది.

తిప్పయ్య పోయినాక ఆ ఇంట్లో జాగా లేదన్న మాట పుట్టడం అదే మొదలు. ఆ మాట అని, అతను కూర్చోవడానికి మాత్రం నీడలో కాస్త పక్కకు జరిగింది.