రెండో డిస్కు

చంద్రకాంతమ్మ టీచరు ఒక్కో సినిమాకు ఒకే ప్రశ్న వేసింది. హీరో ఎవరని గానీ, పాటలు ఎట్లా ఉంటాయని గానీ అడగలేదు. మునికృష్ణ అరలోంచి తీసి బల్ల మీద పెట్టిన ప్రతి కవరునూ చేతిలోకి తీసుకుని, అట్ట మీది బొమ్మ చూసి, అదే మాట అడిగింది.

"కడాకు అందరూ బాగుంటారా?"

"బాగుంటారు టీచర్," అన్నాడు మునికృష్ణ.

అది 2003 ఆషాఢం. ఆమె ఆ ఏడే రిటైరైంది. తిరుచానూరులో అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల ఆమె ఇల్లు. కింద తనుంటూ, మేడ మీద ఉన్న రెండు గదులూ వంటగదీ రోజుల లెక్కన అద్దెకివ్వాలనుకుంది. కొండకు వచ్చేవాళ్లలో, పెళ్లిళ్లకు వచ్చేవాళ్లలో లాడ్జి అంటే ఇష్టపడని కుటుంబాలుంటాయి. వాళ్ల కోసం గ్యాస్ పొయ్యి, గిన్నెలు, చాపలు అమర్చింది. తమ్ముడు ఒక టీవీ, ఒక వీసీడీ ప్లేయరు తెచ్చి పెట్టాడు. క్యూలో నిలబడి వచ్చి కాళ్లు చాపుకున్నవాళ్లు ఏదో ఒకటి చూస్తారు కదా, నలభై సినిమాలు కొని ఉంచుదామంది. భర్త పోయాక పన్నెండేళ్లుగా ఆమె సినిమా చూడలేదు. అందుకని మునికృష్ణ దగ్గరకు వచ్చింది. అతను ఏడో తరగతిలో ఆమె దగ్గర తెలుగు చదివాడు. తిరుచానూరు రోడ్డులో పదకొండేళ్లుగా వీడియో లైబ్రరీ నడుపుతున్నాడు.

"నీ ఇంటికి ఎంచినట్టు ఎంచప్పా," అందామె. శ్రావణంలో కొత్త దంపతులు వచ్చి దిగుతారని, తలంబ్రాలు తలలో ఉండగానే ఏడుపు సినిమా చూసి పోయేటట్టు ఉండకూడదని చెప్పింది. అందుకే ఆ ప్రశ్న.

మునికృష్ణ నలభై సార్లు బాగుంటారనే చెప్పాడు. రెండు రోజుల్లో తుడిచి ఇస్తానన్నాడు.

ఆ నలభై సినిమాలూ కింది అరలోవి. కేబులువాడు రోజుకు మూడు సినిమాలు వేయడం మొదలుపెట్టాక లైబ్రరీకి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లు పై అరల్లోని కొత్తవి అడిగేవాళ్లు. కింది అరలో ఉన్నవి యాభై అరవై ఇళ్లు తిరిగి వచ్చినవి. వీసీడీలో సినిమా రెండు డిస్కులుగా ఉంటుంది. మొదటిది అయిపోగానే జనం దాన్ని కవరులో పెట్టి రెండోది వేస్తారు. రెండోది అయిపోయాక లేచి అన్నానికి పోతారు. అది టీవీ మీదో కిటికీలోనో పడి ఉండి, మరునాడు ఉత్తగా సంచిలో పడి లైబ్రరీకి వస్తుంది. పైగా ప్లేయరు డిస్కును లోపలి నుంచి బయటి అంచు వైపుకు చదువుతుంది. అంటే సినిమా ముగింపు అంచు మీద ఉంటుంది. చేతివేళ్లు పడేదీ, గీతలు పడేదీ అక్కడే. ఈ సంగతి లైబ్రరీ నడిపే ప్రతివాడికీ తెలుసు.

గీతలకు మందు కూడా తెలుసు. మునికృష్ణ రెండు రోజులూ ఇంట్లో కూర్చుని, డిస్కులకు పండ్లు తోముకునే పేస్టు పూసి, మెత్తటి బనీను గుడ్డతో రుద్ది కడిగాడు. అట్లా రుద్దితే నాలుగైదు ఆటలు నడుస్తుంది. తర్వాత బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి నిలబడిపోతుంది.

"డిస్కులకు పండ్లెప్పుడు మొలిచినాయి?" అంది అతని భార్య అలివేలమ్మ, ఖాళీ అయిన ట్యూబును నొక్కి చూస్తూ.

మూడు రోజులు ఉండేవాళ్లు సినిమా చివరిదాకా ఎక్కడ చూస్తారని అతను తనకు తాను చెప్పుకున్నాడు. ఆ నలభైలో తొమ్మిదింటి ముగింపులో ఎవరో ఒకరు చనిపోతారు. అదీ అతనికి తెలుసు. అవి కింది అరకు చేరడానికి అదొక కారణం. ఇది వద్దు టీచర్ అని తీసి పక్కన పెడితే, దాని బదులు పై అర నుంచి ఇంకొకటి ఇవ్వాలి.

శ్రావణం గడిచింది. భాద్రపదంలో ఒకరోజు ఉదయం చంద్రకాంతమ్మ ఒక సినిమా డిస్కులు రెండూ, ఒక నోటు పుస్తకమూ పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. దూరం నుంచే ఆమెను చూసి మునికృష్ణ మాట సిద్ధం చేసుకున్నాడు. ప్లేయరులో దుమ్ము పట్టి ఉంటుంది, లెన్సు తుడిపించాలి అని.

ఆమె బెంచీ మీద కూర్చుని, "తప్పు నాదేనప్పా," అంది.

దుమ్ము పడుతోందని వారానికొకసారి డిస్కులన్నీ తడిగుడ్డతో తుడిచిందట. అప్పటి నుంచి ఒక్కొక్కటే చివర్లో నిలబడిపోతున్నదట. ఇన్ని మంచివి ఎంచి ఇస్తే పాడు చేసుకున్నానని చెప్పింది. మునికృష్ణ ఔనని అనలేదు, కాదని అనలేదు.

మేడ మీద సినిమా ఆగిపోగానే వాళ్లు మెట్ల దగ్గరికి వచ్చి పిలుస్తారట. ఆమె చేస్తున్న పని ఆపి పైకి పోయి మిగతా కథ చెబుతుందట. వ్రతంలో కథ పూర్తయ్యేదాకా అక్షింతలు చేతిలో పట్టుకుని కూర్చుంటాం, మధ్యలో లేవం; దేవుడి పని మీద వచ్చినవాళ్లు తన ఇంట్లో సగం కథ విని పోకూడదని ఆమె పట్టుదల. అయితే ఆమెకు తెలిసిన కథ ఒక్క ముక్కే. చివరికి అందరూ బాగుంటారు. అది మునికృష్ణ చెప్పిన ముక్క.

"ఎట్ట బాగుపడినారని అడిగితే నీళ్లు నములుతా ఉండాను," అంది. "సగం దాకా నేనూ కూర్చోని సూస్తి. ఆ పైన నువ్వు చెప్పు, రాసుకుంటా."

నోటు పుస్తకం తెరిచింది. పదకొండు సినిమాల పేర్లు, ఒక్కో పేరు కింద అర పేజీ ఖాళీ.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఆ తర్వాత మునికృష్ణ ఆ సంగతి చాలాసార్లు అనుకున్నాడు. బెంచీ మీద ఇంకెవరూ లేరు కూడా. కానీ ఆమె కలం మూత తీసి, బడిలో తీసినట్టే మూతను కలం వెనక తగిలించి, అతని మొహంలోకి చూసింది. అతను మొదలుపెట్టాడు. తెలిసిన ముగింపులు తెలిసినట్టు చెప్పాడు. చావులున్న చోట కల్పించాడు. లోయలో పడిన కారులోంచి హీరో అంతకు ముందే దూకేశాడన్నాడు. తూటా భుజానికి తగిలిందన్నాడు. ఆమె ఊరికే రాసుకునే మనిషి కాదు.

"రెండో పెండ్లాం ఒకామె ఉండాది గదా, ఆమె ఏమయ్యింది?"

"పుట్టింటికి పోయింది టీచర్."

"పుట్టింట్లో ఎవురూ లేరని సినిమా మొదుట్లోనే చెప్పిరే."

"పెద్దమ్మోళ్లు ఉండారు. వాళ్లింటికి."

ఆమె పెద్దమ్మ అని రాసుకుంది. పదకొండు పూర్తయ్యాక పుస్తకం మూసి, నీకు పనిలో అడ్డం వస్తినని చెప్పి లేచింది. ఆమె పోయాక మునికృష్ణ కింది అర వైపు చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నమే లైబ్రరీ మూసి ఇంటికి పోయాడు. ఒంట్లో బాగాలేదా అని అలివేలమ్మ అడిగితే ఔనన్నాడు.

కార్తీకంలో గూడూరు నుంచి ఒక కుటుంబం వచ్చి మేడ మీద దిగింది. సునీల్‌కుమార్ అనే అతను అక్కడి నిమ్మకాయల మండీలో గుమాస్తా. గుండెలో కవాటం మార్చాలన్నారు. అతన్ని తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చి, భార్య కోమలి, తల్లి తిరుమలమ్మ రెండు వారాలకు ఇల్లు తీసుకున్నారు. ఆసుపత్రిలో రోగిని చూడనిచ్చేది పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మధ్యలో ఇద్దరూ గదిలో కూర్చునేవాళ్లు.

మంగళవారం చంద్రకాంతమ్మ మళ్లీ లైబ్రరీకి వచ్చింది. ఈసారి బెంచీ మీద కూర్చోలేదు.

తిరుమలమ్మ ఆదివారం ఒక సినిమా పెట్టించుకుందట. అందులో హీరోకు ఆపరేషన్. థియేటరు తలుపు మూసి, పైన ఎర్ర లైటు వెలిగిన చోట డిస్కు నిలబడిపోయింది. చంద్రకాంతమ్మ పైకి పోయి పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. ఆపరేషన్ బాగా జరుగుతుంది, అతను నడిచి ఇంటికి వస్తాడు. తిరుమలమ్మ విన్నది. కానీ సినిమా మొదట్లోనే, హీరోకు జబ్బు అని తెలియగానే, ఆమె కొడుకు పేరు తలుచుకుని అక్షింతలు చేతిలోకి తీసుకుందట. ముగింపు కళ్లతో చూస్తే గానీ వాటిని దించనని కొంగున ముడివేసుకుని తిరుగుతోంది. గురువారం కొడుక్కు ఆపరేషన్.

"ఆ రెండో డిస్కు యాడన్నా దొరుకుతుందేమో సూడప్పా," అంది చంద్రకాంతమ్మ. "మదరాసుకు మనిషిని పంపించైనా సరే."

"సూస్తా టీచర్," అన్నాడు మునికృష్ణ.

ఆ సినిమాలో హీరో ఆపరేషన్ బల్ల మీదే చనిపోతాడు. మునికృష్ణ దాన్ని హాల్లో చూశాడు.

బుధవారం మధ్యాహ్నం సైకిలు తీసుకుని తిరుచానూరు పోయాడు. చంద్రకాంతమ్మ వరండాలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. అతని ఖాళీ చేతుల వైపు చూసి, దొరకలేదా అని అడిగింది. అతను మెట్టు మీద కూర్చుని అంతా చెప్పాడు. కింది అర సంగతి, పేస్టు సంగతి, తొమ్మిది సినిమాల సంగతి. తడిగుడ్డ తప్పు కాదని చెప్పాడు. చెప్పేటప్పుడు చేట వైపే చూశాడు. ఆమె వేళ్లు కాసేపు ఏరి, ఆగిపోయాయి.

లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. తొమ్మిదీ ఏవేవో చెప్పమంది. అతను చెప్పిన పేర్లలో పుస్తకంలో ఉన్నవాటి పక్కన పెన్సిలుతో గీత పెట్టింది. తర్వాత గీతలు లెక్కపెట్టింది.

"దీంట్లో ఆరు నేను చెప్పినాను," అంది. "ఆరు ఇండ్లోళ్లకు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"పైన వాళ్లు ఎదురు సూస్తా ఉండారు," అంది. "నేను ఇంకోసారి అబద్ధం చెప్పలేను. నిజమూ చెప్పలేను. ఎంచినోడివి నువ్వే గదా, నువ్వే పో."

మునికృష్ణ మెట్లెక్కాడు. అడుగుల చప్పుడు విని కోమలి తలుపు దగ్గరకి లాగి బయటికి వచ్చింది. లైబ్రరీ అతనని తెలిసి, ఖాళీ చేతులు చూసి, గొంతు తగ్గించింది.

"ఆ సినిమా నేను పెండ్లికి ముందు గూడూర్లో చూసుండాన్నా," అంది. "అతను బతకడు."

మునికృష్ణ మెట్టు మీదే నిలబడ్డాడు.

"టీచరమ్మ పాపం అంతగా చెప్తా ఉంటే ఎట్ట కాదనేది? నేనూ తల ఊపినా. అత్తమ్మ ఆ పూటే నాలుగు ముద్దలు తినింది. డిస్కు దొరకలేదని చెప్పేసి పోన్నా." తలుపు తీయబోతూ ఆగింది. "పేస్టు వాసన వస్తా ఉండాది ఆ డిస్కుకు. మా ఇంటాయన కూడా అదే పూస్తాడు."

ఆమె నవ్వబోయింది కానీ నవ్వలేదు.

తిరుమలమ్మ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు ముడి ఒళ్లో ఉంది. డిస్కు ఎక్కడా లేదని మునికృష్ణ చెప్పాడు. ఆమె తలెత్తి అతన్ని చూసింది.

"నువ్వు సూసినావా నాయనా ఆ సినిమా?"

"సూసినానవ్వా."

"బతికినాడా?"

మునికృష్ణ కోమలి వైపు చూశాడు. ఆమె నేలను చూస్తోంది. కింద వరండాలో చేట చప్పుడు లేదు.

"బతికినాడు."

"నీ కండ్లతో సూసినావా?"

"సూసినా."

తిరుమలమ్మ కొంగు ముడి విప్పింది. మూడు రోజుల చెమటకు పసుపు గుడ్డకు అంటింది. ఇట్లా రమ్మని పిలిచింది. కథ పూర్తి చేసినవాడి తల మీదే వేయాలంది. అతను వద్దనబోయాడు. వంగాడు. ఆమె ఆ బియ్యమంతా అతని తల మీద వేసి, రెండు చేతులతో అదిమింది.

కిందికి దిగేసరికి చంద్రకాంతమ్మ అక్కడే ఉంది. అతని తల వైపు చూసింది. జుట్టులో, చొక్కా కాలరు మీద పసుపు గింజలు. ఏమి చెప్పావని ఆమె అడగలేదు.

"ఈడ దులుపుకోవద్దు, తొక్కుడులో పడతాయి," అంది. "మందారం పాదులో దులుపుకో." చేట తీసుకుని లోపలికి పోయింది.

సునీల్‌కుమార్ ఆపరేషన్ బాగానే జరిగింది. నెల నాటికి రైలెక్కి గూడూరు పోయాడు. ఆ కబురు విన్నప్పుడు మునికృష్ణకు ఊరట కలిగింది. అది తన పుణ్యం కాదని కూడా తెలుసు. తొమ్మిది సినిమాలు వెనక్కి తెచ్చుకుని, పై అర నుంచి తొమ్మిది ఇచ్చాడు. మిగతా వాటికి రెండో డిస్కులు కొత్తవి తెప్పించాడు. చంద్రకాంతమ్మ వాటిని లెక్క చూసి తీసుకుంది. ఒక్కదానికి కూడా ఆ ప్రశ్న వేయలేదు.

ఎండాకాలంలో గూడూరు నుంచి ఆమెకు గోతం నిమ్మకాయలు వచ్చాయి. అందులో సగం, కథ పూర్తి చేసినబ్బాయికి ఇమ్మని తిరుమలమ్మ కబురు చేసిందట. చంద్రకాంతమ్మ సంచి తెచ్చి లైబ్రరీ బెంచీ మీద పెట్టి, ఎవరు పంపారో చెప్పి, కూర్చోకుండా పోయింది.

అలివేలమ్మ వాటిని ఊరగాయ పెట్టింది. పది రోజుల తర్వాత పెరుగన్నంలోకి వేయబోతే మునికృష్ణ కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎందుకు?"

"పుల్లగా ఉండాది."

"తినకుండానే?" అంది అలివేలమ్మ. "నిమ్మకాయ పుల్లగా లేకుంటే తియ్యగా ఉంటాదా?"

అతను చెయ్యి తీయలేదు. ఆమె జాడీ మూత పెట్టింది.