చెయ్యి తీసేసిన ఫొటో

ఆదివారం వచ్చిందంటే ఆమెకు రెండు వాయిల బట్టలు. ఏటి ఇసుక ఒక పట్టాన వదలదు. జేబుల్లోంచి, కుట్ల సందుల్లోంచి రాలుతూనే ఉంటుంది. "ఫొటోలు తీసేది వాడైతే మునిగేది నువ్వా? చోద్యం కాకపోతే," అని నవ్వేది అత్తగారు. ఆ నవ్వులో కాస్త జాలి ఉందేమోనని కాపురానికొచ్చిన కొత్తల్లో వెతుక్కుంది. దొరకలేదు.

వల విసిరే జాలర్ల ఫొటోలకు ఆమె భర్త పెట్టింది పేరు. వారానికోసారి ఇంటి ముందుగదిలో పదిమందికి క్లాసు కూడా చెబుతాడు. మనిషిని ఒక పక్కకు పెట్టాలి, వల ఎగిరే వైపు ఖాళీ వదలాలి, వల గొడుగులా విచ్చుకున్న ఆ ఒక్క క్షణమే నొక్కాలి అంటాడు. ఆ క్షణం ఎప్పుడొస్తుందో మాత్రం ఆయనకు ఏనాడూ అంతుపట్టలేదు. జాలరి వల అంచును పళ్ళతో కరిచి పట్టుకుంటాడని, నడుం తిప్పి పళ్ళు వదిలిన రెప్పపాటుకు వల విచ్చుకుంటుందని కనిపెట్టింది ఆమె. నడుం లోతు నీళ్ళలో నిలబడి, జాలర్ల మొహాల మీదికి ఎండ మళ్ళేలా తెల్ల అట్ట పట్టుకుని, "ఇప్పుడు" అని అరుస్తుంది. ఆయన నొక్కుతాడు. క్లాసులో ఈ సంగతి రాదు. ఆ వేళకు ఆమె వంటింట్లో పదకొండు కప్పుల టీ మరిగిస్తూ ఉంటుంది.

మొన్న ఏరు జోరుగా ఉంది. ఆమెకు జ్వరం. రాలేనంటే, నీళ్ళలో చల్లగానే ఉంటుందిగా అన్నాడు భర్త. ఇంకో అడుగు లోపలికి, ఇంకొక్క అడుగు, అంటూ గట్టు మీంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కాలి కింద ఇసుక జారిపోయింది. అట్ట ఒకవైపు, ఆమె ఒకవైపు. ముక్కులోకీ నోట్లోకీ నీళ్ళు. ఒకసారి తేలినప్పుడు ముగ్గురు జాలర్లు వలలు ఎక్కడివక్కడ వదిలేసి తన వైపు దూకడం కనిపించింది. రెండోసారి తేలినప్పుడు గట్టు కనిపించింది. భర్త ఒక మోకాలు నేలకానించి, కెమెరా కంటికి పెట్టుకుని ఉన్నాడు. మూడోసారి తేలినప్పుడూ అలాగే ఉన్నాడు.

పెద్ద జాలరి ఆమె జుట్టు పట్టి ఒడ్డుకు లాగి, బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించాడు. తర్వాత ఆయన వైపు తిరిగాడు.

"వల పోతే అల్లుకుంటాం సార్. మనిషి పోతే?"

భర్త కెమెరా వెనక తెరలో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుకుంటూ, కాస్త ఆగమన్నాడు.

ఫొటోలు కంప్యూటర్లో సరిచేసే పని ఆమెదే. తల తుడుచుకుని కూర్చుంది. ఫొటోలో ముగ్గురు మనుషులు గాల్లో ఉన్నారు, మొహాల్లో ప్రాణం పోతున్నంత ఆత్రం, వెనకాల వలలు నీళ్ళమీద తెరుచుకుని కొట్టుకుపోతున్నాయి. కింది అంచున నీళ్ళలోంచి లేచిన అయిదు వేళ్ళు. భర్త కుర్చీ వెనక నిలబడి, ఇంత గొప్ప ఫొటో తన జన్మలో తీయలేదన్నాడు. "ఆ చెయ్యొక్కటే పానకంలో పుడక. తీసెయ్యి."

తీసేసింది. ఆయన అనడం, ఆమె తీసేయడం పదేళ్ళ అలవాటు. తన చేతిని తన చేత్తోనే తీసేసిందని పని పూర్తయ్యాక గాని తట్టలేదు.

ఈ వారం క్లాసులో ఆ ఫొటో గోడమీద వెలిగింది. జాలర్లు ఎందుకలా దూకుతున్నారని ముందు వరసలో ఒకావిడ అడిగింది.

"చేపల గుంపు కనపడింది. వాళ్ళ కళ్ళలో ఆశ చూడండి," అన్నాడు భర్త.

అందరూ ఆశ చూశారు. ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఏటి నీళ్ళు ఇంకా రొమ్ములోనే ఉన్నట్టున్నాయి. ఆ దగ్గేదో బయట దగ్గి రమ్మన్నాడు భర్త. ఎవరో కిసుక్కుమన్నారు.

వాళ్ళు వెళ్ళిపోయాక హుషారుగా వంటింట్లోకి వచ్చాడు. ప్రదర్శన పెట్టేవాళ్ళు ఒక్క ఫొటో చాలదన్నారట, ఇలాంటివే ఇంకో నాలుగు కావాలట. జాలర్లకు నటించడం చేతకాదు, మనిషి నిజంగా నీళ్ళలో పడితేనే ఆ మొహాలు వస్తాయి.

"రేపు పొద్దున మళ్ళీ ఓసారి జారు. ఈసారి చెయ్యి మాత్రం పైకెత్తకు."

"జ్వరం తగ్గిందిగా, వెళ్ళిరా," అంది అత్తగారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఆమె కడిగిన కప్పులన్నీ బోర్లించింది. చేతులు తుడుచుకుంది.

"రేపు కెమెరా నేను పట్టుకుంటాను. మీరు దిగండి."

"నేనా?"

"మీకు ఈత రాదు కదా. మొహాలు ఇంకా బాగా వస్తాయి."

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ఆయన నవ్వబోయి భార్య మొహం చూశాడు. ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఎక్కడ నిలబడాలో, ఎండ ఎటునుంచి పడాలో, గట్టు నుంచి ఎన్నో అడుగు దగ్గర ఇసుక జారుతుందో, తొందరేమీ లేకుండా ఒక్కొక్కటే చెప్పసాగింది.