గాజుగోడ కింద పిట్టలు

తెల్లవారుతుండగా పిట్టలమ్మ బకెట్టు మూత తీసి, చచ్చిన పిట్టల్ని ఒక్కొక్కటిగా గాజుగోడ కింద పడుకోబెట్టసాగింది. ఒకదాన్ని వెల్లకిలా పెట్టింది. ఒకదాని రెక్క విడదీసి పక్కకు ఒరిగించింది. ఇంకొకదాన్ని పూలకుండీ చాటున సగం కనబడేలా దూర్చింది. అన్నీ ఒకే తీరుగా పడి ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నిన్న కుండీ దగ్గర చచ్చిన పిట్టే ఇవాళ మెట్ల దగ్గర చచ్చింది. మోకాలు పట్టేస్తే అద్దానికి చెయ్యి ఆనించి లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి, అంతా బాగానే ఉందనుకుంది.

నిజానికి ఆమెను పెట్టుకున్నది పిట్టల్ని తీయడానికి. ఆ ఆఫీసు భవనం నిలువెల్లా అద్దమే. చలికాలం మొదట్లో వలస పిట్టలు రాత్రిపూట గుంపులుగా పోతూ, లోపలి దీపాలకు దారి తప్పి, తెల్లారేసరికి అద్దాన్ని గుద్దుకుని కింద రాలేవి. ఉద్యోగులు వచ్చేలోపు వాటిని ఎత్తేయాలి. మిగతా నెలల్లో కార్లు నిలిపేచోట చీపురు పట్టాలి. పేరేమిటని ఎవరూ అడగలేదు. పిట్టలమ్మా అంటే పలికేది. ఆ పనితో పాటు భవనం అడుగున, జనరేటరు పక్కన, కిటికీ లేని గది ఒకటి ఇచ్చారు. ఆమెకు కావలసింది ఆ గదే. అందులో మంచం మీద ఆమె మొగుడున్నాడు. జీవితమంతా దుకాణాల బోర్డులకు రంగులేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు. నాలుగు మాటలాడితే ఆయాసం, నాలుగు మెట్లెక్కితే చావు. అలాంటి మనిషిని పెట్టుకుని అద్దె కొంప వెతకడం ఆమె వల్లయ్యే పని కాదు.

ఇంతలో పిట్టలు రావడం తగ్గించాయి. వాటి చోట చలి మునుపటిలా లేదనీ, అక్కడే వెచ్చగా ఉంటే ఇంత దూరం రెక్కలు నొప్పి పుట్టేలా ఎందుకొస్తాయనీ లిఫ్టు నడిపేవాడు చెప్పాడు. వచ్చే కాసినీ ఎండలు తగ్గకముందే, ఎవరూ ఎదురుచూడని నెలలో, సముద్రం మీదుగా చుట్టుతిరిగి పోతున్నాయట. మారిన కాలానికి పిట్టలు సర్దుకున్నాయి. సర్దుకోలేక చచ్చేది పిట్టలమ్మే. పిట్టలే పడకపోతే నీతో పనేముంది పెద్దమ్మా, ఊడవడానికి ఎటూ మిషను వస్తోంది, గది సామాన్లకు పనికొస్తుంది అని సూపర్‌వైజరు పోయినేడే నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పే మాటలే నిజమవుతాయని ఆమెకు తెలుసు.

అదృష్టమో దురదృష్టమో, చెత్తబండి వచ్చేదాకా చచ్చిన పిట్టల్ని దాచేందుకు క్యాంటీన్ వాళ్లు పారేసిన పాత ఫ్రిజ్ ఒకటి గదిలో ఉంది. పోయినేటి పిట్టలు కొన్ని దాని అడుగున గడ్డకట్టి మిగిలాయి. ఈ ఏడు ఒక్కటీ పడకపోయేసరికి వాటినే బయటికి తీసింది. రోజూ తెల్లారి పెట్టడం, సూపర్‌వైజరు అద్దం లోపలినుంచి చూసి తలాడించాక ఎత్తి మళ్లీ ఫ్రిజ్‌లో దాచడం. చచ్చినవాటిని దగ్గరగా చూడలేడు కాబట్టి అతను బయటికి రాడు. కరిగి తడిసిన ఈకల్ని మొగుడు మంచం మీదే కూర్చుని గుడ్డతో అద్దేవాడు. పొట్ట దగ్గర వెలిసిపోతే పాత డబ్బాలోంచి పసుపు రంగు తీసి సన్నకుంచెతో దిద్దేవాడు. చాలా ఏళ్లకు చేతికి పని దొరికిందని మురిసిపోయాడు కూడా.

"చచ్చినా డ్యూటీ తప్పదు వీటికి. మనకన్నా నయమే, కూలి అడగవు," అనేవాడు.

ఈ వేళ సూపర్‌వైజరు ఒంటరిగా రాలేదు. కొత్తగా వచ్చిన పెద్ద మేడం వెంట ఉంది. ఆవిడ అద్దం లోపల ఆగలేదు. తలుపు తోసుకుని నేరుగా వచ్చేసింది. వంగి, ఎవరూ ఆపేలోపు, మెట్ల దగ్గరి పిట్టను అరచేతిలోకి తీసుకుంది. పిట్టలమ్మ ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిట్ట ఇంకా చల్లగానే ఉంటుంది. పొట్ట మీది రంగు ఆవిడ బొటనవేలికి అంటింది. ఆవిడ వేలు చూసుకుని, ఏ పూల పుప్పొడో అనుకుని రుమాలుతో తుడుచుకుంది. కళ్లు కూడా అదే రుమాలుతో తుడుచుకుంది.

"రోజూ ఇన్ని పడతాయా అమ్మా?" అని అడిగింది.

లేదంటే గది పోతుంది, అవునంటే నిలుస్తుంది. పిట్టలమ్మకు తెలిసిన లెక్క అంతే.

"రోజూ ఇన్నేనమ్మా. ఒక్క రోజూ తప్పవు."

మేడం సూపర్‌వైజరు వైపు తిరిగి చీవాట్లు పెట్టింది. ఎండలు ముదిరి అసలే అల్లాడుతున్న ప్రాణుల్ని మన భవనం పొట్టన పెట్టుకుంటోందనీ, తను ఉండగా ఇక ఒక్కటి చావడానికి వీల్లేదనీ అంది. రాత్రిళ్లు దీపాలార్పాలి. అడ్డం ఉందని పిట్టలు పోల్చుకునేలా అద్దమంతా చుక్కల స్టిక్కర్లు అంటించాలి. ఈ రోజే మొదలుపెట్టాలి. వెళ్తూ వెళ్తూ పిట్టలమ్మ రెండు చేతులూ పట్టుకుని, నీకింక ఈ పాపిష్టి పని ఉండదమ్మా అంది. మంచి మనసు ఆవిడది. అందుకే అంత తేలిగ్గా చంపగలిగింది.

మధ్యాహ్నానికల్లా స్టిక్కర్ల చుట్టలు వ్యానులో దిగాయి. పెట్టడానికి చోటు కావాలి గనుక సాయంత్రంలోగా గది ఖాళీ చేయమని సూపర్‌వైజరు చెప్పాడు. పొద్దున తిన్న చీవాట్లు అతనికింకా అరగలేదు. పిట్టలమ్మ చీపురు పక్కన పెట్టి, ఇక దాచి లాభం లేదనుకుంది.

"అసలు పిట్టలు పడట్లేదు బాబూ. ఈ ఏడు ఒక్కటీ పడలేదు. నేనే పెడుతున్నా."

"గది కోసం ఎన్ని కబుర్లైనా చెబుతావు పెద్దమ్మా," అన్నాడతను. "రోజూ నా కళ్లతో నేను చూడట్లేదా?"

అబద్ధాన్ని అంత బాగా నమ్మించినందుకు ఆమె తనను తానే తిట్టుకుంది.

గేటు దగ్గరి కాపలావాడు తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. మొగుణ్ణి అందులో కూర్చోబెట్టి, కార్లు దిగే వాలుదారిన ఇద్దరూ మోసుకుంటూ పైకి తెచ్చారు. దారిలో రెండుసార్లు దించాల్సి వచ్చింది. ఎన్నాళ్లకో వెలుగులోకి వచ్చి అతను కళ్లు చికిలించాడు. అద్దం పక్కన నీడలో కుర్చీ వేశారు. తల వెనక్కి వాల్చి, అద్దంలో కదిలే మబ్బుల్ని చాలాసేపు చూశాడు.

"ఏమే, ఈ అద్దంలో ఆకాశం అసలుదానికంటే బాగుంది," అన్నాడు, ఊపిరి కూడదీసుకుంటూ. "నాకు రెక్కలుంటే నేనూ వెళ్లి గుద్దుకునేవాణ్ణే."

నోర్ముయ్యమని కసిరి, పక్కబట్టలు తేవడానికి ఆమె కిందికి దిగింది. మూట కట్టుకుని మళ్లీ పైకి వచ్చేసరికి అతని తల భుజం మీదికి ఒరిగి ఉంది. నిద్రపోయాడనుకుని మూట పక్కన పెట్టింది. చెయ్యి పట్టుకున్నాక నిద్ర కాదని తెలిసింది. అలాగే నేలమీద కూలబడి, అతని మోకాలికి తల ఆనించుకుంది.

సూపర్‌వైజరు వచ్చి, దూరంగానే ఆగి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతనికి జాలి లేకపోలేదు. చేతిగడియారం కూడా ఉంది.

"అందరూ దిగే వేళైంది పెద్దమ్మా. వాళ్ల కంటబడక ముందే తీసేయాలి."

ఆమె లేచింది. ఆ పని ఆమెకు కొత్త కాదు. కాపలావాడు సామాన్ల బండి తెస్తే, చంకల కింద చేతులేసి తనే ఎత్తింది. దుప్పటి కప్పి, వెనక గేటు వైపు తోసుకుపోయింది. లిఫ్టులు దిగిన జనం కబుర్లాడుకుంటూ ముందు తలుపుగుండా బయటికొచ్చారు. ఎవరికీ ఏమీ కనబడలేదు.

స్టిక్కర్లు అంటించేవాడికి నిచ్చెన ఇంకా రాలేదు. చుట్టూ చూసి, అద్దం పక్కనున్న కుర్చీని ముందుకు లాగి, గుడ్డతో ఒకసారి తుడిచి, ఎక్కి నిలబడ్డాడు. కుర్చీ కాళ్లు కాస్త వంగాయి గాని, మనిషి బరువుకు ఆగాయి.