నడుముకు కట్టిన వేట

నాకు అన్నిటికంటే భయం, నా కూతురు కజీజా ఒంటికి అంటిన వేట వాసన సముద్రంలో ఏదో ఒకదానికి అందడం. ఈ మాటంటే మా వీధిలో అందరూ నవ్వారు.

మాది జాంజిబార్ తూర్పు తీరం. ఆటు వేళ నీళ్లు వెనక్కి తీశాక ఆడవాళ్లం పగడపు రాళ్ల మీదికి ఆక్టోపస్ వేటకు వెళ్తాం. పట్టినదాన్ని చంపి తాడుకు గుచ్చి, నడుముకు కట్టుకుని, నీళ్లలో ఈడ్చుకుంటూ తిరుగుతాం. ఆడపిల్ల మొదటిసారి వచ్చిన రోజు ఆ తాడు పిల్ల నడుముకే కట్టడం మా అత్త బికొంబో పుట్టింటి వాడుక.

కజీజాకు ఆ రోజు వచ్చింది. చంటివాణ్ణి వీపున కట్టుకుని నేనూ వెంట వెళ్లాను. అత్త కర్ర చివర పీతను కట్టి ఒక బొరియలోకి దూర్చింది. లోపలి నుంచి ఒక చేయి మెల్లగా వచ్చి పీతను తడిమి చుట్టేసింది.

"నానమ్మా, చూడకుండానే ఎలా కనిపెట్టింది?"

"దాని నాలుక చేతుల్లోనే ఉందే పిల్లా. ఆ గుండ్రటి గిన్నెల్లాంటివి ఉన్నాయే, వాటితోనే రుచి చూస్తుంది. మీ నాన్నకు కుండెడు మింగినా ఉప్పు తెలీదు, దీనికి ముట్టుకుంటే చాలు."

కజీజా పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బడి మానక ముందు టీచరమ్మ చెప్పిన మాటే బుర్రలో తిరుగుతోంది. రాళ్ల సందుల్లో ఉండే మలుగుపాముకు, అదే పాములా పొడుగ్గా ఉండే పళ్ల చేపకు, చూపు ఆనదు. నీళ్లలో కలిసిన వాసన పట్టుకుని వేట దాకా వచ్చేస్తుంది.

"అత్తా, పిల్లకు కట్టొద్దు. బకెట్లో వేద్దాం. ఈ వాసనకు మలుగుపాము వస్తుంది."

"నాలుగు ముక్కలు చదివి సముద్రానికే పాఠం చెప్తావా తల్లీ? పెళ్లికాక ముందు నుంచీ కట్టుకుంటున్నా. నన్ను మింగిందా?"

"మీ కోడలికి గోడ మీద బల్లి కదిలినా భయమే" అంది పక్కనున్న మ్టుమ్వా వదిన. అత్త ఆక్టోపస్‌ను బయటికి లాగి చంపి తాడుకు గుచ్చింది. దాన్ని పిల్ల నడుముకు కట్టి ముడి బిగించింది.

పోటు మొదలై నీళ్లు పిల్ల మోకాళ్లకు వచ్చాయి. అప్పుడు చూశాను. కజీజా వెనక రాళ్లలోంచి మచ్చల తల ఒకటి బయటికి వచ్చింది. అటూ ఇటూ ఆడుతూ, వెతుక్కుంటూ, తాడు వైపే వస్తోంది.

"విప్పెయ్, కజీజా!"

ముడి రాలేదు. అత్త పరుగున వచ్చి కత్తితో తాడు కోసింది. పిల్లను నా మీదికి లాక్కున్నాను. అంతటితో అయిపోవాల్సింది. కానీ మొదటి వేట చేజారితే పిల్లకు సముద్రం అచ్చిరాదని అత్త నమ్మకం. కొట్టుకుపోతున్న దాన్ని అందుకోవడానికి వంగింది. ఆక్టోపస్ జిగురు మోచేతి దాకా అంటిన చేయి అది. వాసనే చూసేదానికి ఆ చేయి ఏది, వేట ఏది?

మలుగుపాము ఆ చేతినే కరిచి పట్టుకుంది, వదిన కర్రతో బాదితే గానీ వదల్లేదు. అత్త అరవలేదు. "పిల్లను ఇటు చూడనివ్వకు" అంది, అంతే.

మా ఆయన ఆమెను పట్టణం ఆసుపత్రిలో చేర్చి వచ్చాడు. చేయి వాచి నల్లబడుతోందట. చంటివాడికి జ్వరం, నేను కదల్లేను. ఫోన్ చేస్తే "నాకేం, దుక్కలా ఉన్నా, పిల్లకు అన్నం పెట్టు" అంటుంది. ఆ మాట నమ్మను. ఇదంతా మీకు చెప్పింది ఇందుకే, మీరు పట్టణం వెళ్తే ఆడవాళ్ల వార్డులో బికొంబో అని అడగండి. వేళ్లు కదుపుతోందో లేదో మీ కళ్లతో చూసి నాకు కబురు చేయండి.